చెప్పని చివరి మాట

పోయిన వారం ఓపల్ టియర్నీని మనం నది మధ్యలో నిలబెట్టి వచ్చేశాం. నది అంటే నిజం నది కాదు. లాస్ ఏంజెలెస్‌లో నారింజ తోటల పక్కన స్టూడియో, ఆ స్టూడియోలో షూటింగు జరిగే ఆరో నంబరు ఫ్లోరు, ఆ ఫ్లోరులో మోకాలి లోతు నీళ్ల తొట్టి, అందులో కలిపిన నల్ల సిరా, వెనక గోడ పొడుగునా బట్ట మీద గీసిన మిసిసిపీ. దాని మీద ఎటూ కదలని పడవ. పడవ మీద తెల్ల గౌనులో ఓపల్. నాటకం తను రాసిందే, వేషం తను వేసేదే, పంతం కూడా తనదే. సినిమా అంతా తీయడం అయిపోయింది, ఆఖరి సీను ఒక్కటే మిగిలింది. ఆ సీనులో కోరా అనే పాటకత్తె, తనని పెళ్లాడతానన్న పడవ కెప్టెన్ని డెక్కు మీదే వదిలేసి, ఒక్క మాట చెప్పి, ఒంటరిగా రేవులో దిగిపోవాలి. అలా దిగడానికి వీల్లేదని సినిమాలకి కత్తెర వేసే ఆఫీసువాళ్లు తేల్చారు. నలుగురితో తిరిగిన ఆడది చివర్న పెళ్లన్నా చేసుకోవాలి, చావనన్నా చావాలి, హాయిగా నడిచి వెళ్లిపోకూడదు. ఓపల్ ఒప్పుకోలేదు. సరే, వెళ్లేముందు ఆ అమ్మాయి చెప్పే ఒక్క మాట ఏమిటో స్వయంగా విని తేలుద్దామని ఆ ఆఫీసు ఇవాళ మనిషిని పంపుతోంది. అతను కాదన్నాడో, రేపు పొద్దున్నే పెళ్లి సీను తీస్తారు. పక్క ఫ్లోరులో చర్చి సెట్టు వేసి, కాగితం లిల్లీపూలు కూడా అంటించి ఉంచారు.

బయట మిట్టమధ్యాహ్నం మండిపోతోంది. లోపల మాత్రం వెన్నెల. పైన చెక్క వంతెన మీద కూర్చున్న మనిషి, నీలం గాజు అడ్డుపెట్టిన లైటొకటి కిందికి వదిలాడు. తొట్టి పక్కన ఇంకొకాయన అద్దం ముక్కలు పరిచిన రేకు పళ్లాన్ని నీళ్లలో మెల్లగా ఊపుతున్నాడు. నది మీద చంద్రుడు చితికిపోయి, కలుసుకుని, మళ్లీ చితికిపోతున్నాడు. ఇదంతా మేకులూ, బట్టా, సిరా అని అక్కడున్న అందరికీ తెలుసు. అయినా కాసేపు చూస్తే పడవ కదులుతున్నట్టే ఉంటుంది. ఓపల్ పొద్దుటినించీ చూస్తోంది.

ఆమె కూర్చోలేదు. కూర్చోవడానికి వీల్లేని గౌను అది. పొద్దున్నే చెల్లెలు బీట్రిస్ దాన్ని ఆమె ఒంటి మీదే పెట్టి కుట్టేసింది, కుట్లు విప్పితే గానీ ఊడదు. ఇలాంటి గౌన్లు వేసుకునేవాళ్ల కోసం స్టూడియోలో వాలుబల్ల ఉంటుంది. ఏటవాలుగా నిలబెట్టిన చెక్క, చేతులు ఆనించుకోవడానికి చెరో పక్కా ఒక కర్ర. దాని మీద నిలువునా వాలి, కళ్లు సగం మూసి, ఓపల్ నదిలో పోతోంది. లోకానికి చెప్పిన వయసు ఇరవై తొమ్మిది. ఆమె తర్వాత పుట్టిన బీట్రిస్‌కి ముప్పై ఆరు. ఇదెలా కుదిరిందని పత్రికల వాళ్లెవరూ ఇంతవరకూ అడగలేదు, అడిగినా ఓపల్ దగ్గర జవాబు సిద్ధంగానే ఉంటుంది.

"అక్కా, నిద్రపోతున్నావా?" అంది బీట్రిస్, ఆమె కాళ్ల దగ్గర చతికిలబడి గౌను అంచు సరిచేస్తూ.

"పోతున్నాం. నేనూ, పడవా."

"పడవ పోదు. కింద దుంగలకి బిగించారు, నేను చూశాను."

"నువ్వెప్పుడూ కిందికే చూస్తావు. అందుకే నీకు సూదులు దొరుకుతాయి."

"ఆ సూదులే లేకపోతే ఈపాటికి నువ్వు జనం ముందు ఒంటి మీద గౌను లేకుండా నిలబడేదానివి."

"సినిమా ఇంకా బాగా ఆడేది."

బీట్రిస్ నవ్వలేదు. "ఆయనొచ్చి చివరి మాట చెప్పమంటే ఏం చేస్తావు?"

"ఎప్పుడూ చేసేదే. టం-టి-టం అంటాను."

"జడ్జిగారి దగ్గర దాటేసినట్టు."

"జడ్జి మంచివాడే," అంది ఓపల్ కళ్లు పూర్తిగా మూసుకుని. నది ఇంకొంచెం వెనక్కి పోయింది.

బ్రుక్లిన్‌లో ఐదేళ్ల పిల్లగా స్టేజీ ఎక్కిన రోజున ముసలి నటులు ఆమెకి నేర్పిన మొదటి పాఠాలు ఇవి. తెరవెనక ఈల వెయ్యకూడదు. నాటకం చివరి మాట రిహార్సల్లో పలకకూడదు. ఆ మాటతో నాటకం పూర్తయినట్టు, మరి జనం లేకుండా పూర్తిచేస్తే అది జనం దాకా రాదు. అందుకని అక్కడికొచ్చేసరికి ఎంతటివాళ్లయినా టం-టి-టం అని దాటేస్తారు. మిగతావాళ్లు నోటితో అనకపోతే చాలనుకునేవాళ్లు. ఓపల్ ఏ పనీ సగం సగం చేసే రకం కాదు. కోరా నాటకం రాసినప్పుడు ఆ మాటని కాగితం మీద కూడా పెట్టలేదు, అక్కడా టం-టి-టం అనే రాసింది. న్యూయార్కులో మొదటి ఆట. చివరి అంకం, చివరి నిమిషం. ఇంక నోరు తెరిచి ఆ మాట అనబోతుండగా, అసభ్య నాటకమంటూ పోలీసులు స్టేజీ ఎక్కేశారు. తర్వాత కోర్టులో ముసలి జడ్జి ఆ నాటకాన్ని శ్రద్ధగా చదివి, "ఇంతకీ చివర్న ఆ పిల్ల ఏమంటుందమ్మా?" అని అడిగాడు. పాపం, ఆయనకి నిజంగానే తెలుసుకోవాలనుంది. "మొదటినించీ ఆడనివ్వండి, చివర్న చెబుతాను" అంది ఓపల్. ఆ జవాబుకి జైలు ఇంకొంచెం పెరిగింది. ఆమె బయటికొచ్చేసరికి దేశమంతా ఆమె పేరు తెలిసింది. ఆ మాట మాత్రం ఈ ఎనిమిదేళ్లలో ఎక్కడా పలకలేదు.

తను రాసినవాటన్నిటిలోకీ అదే మంచి మాటని ఓపల్ నమ్మకం. మనం వినలేదు కాబట్టి నమ్మక తప్పదు. రోజూ తీసి చూసుకునే మాట కాదది, పెట్టె అడుగున దాచిన నగ లాంటిది. ఉందిలే అన్న ధీమాతోనే ఇన్నేళ్లూ గడిచాయి. ఎంతమంది నిర్మాతలు తిప్పి పంపినా, ఎన్ని ఊళ్లలో గుమ్మం దగ్గరే తలుపేసినా, ఆ ఒక్క మాట లోపలుందన్న ధైర్యంతోనే తలెత్తుకు తిరిగింది.

సోల్ గిటిల్‌మన్ కాలు గాలిన పిల్లిలా డెక్కు మీదికొచ్చాడు. ఈ సినిమాకి డబ్బు పెట్టి తీస్తున్నది ఆయనే. సినిమాల్లోకి రాకముందు చికాగోలో చేతి తొడుగులు అమ్మేవాడు, ఇప్పటికీ ఎవరితో మాట్లాడినా ముందు వాళ్ల చేతుల కొలత చూస్తాడు.

"తల్లీ, నీకు పుణ్యముంటుంది. ఆ ఒక్క ముక్కా నా చెవిలో వెయ్యి. అతనికి నేను నచ్చజెప్పుకుంటాను."

"నీ చెవిలో వేస్తే సాయంత్రానికి ట్రాముల్లో వినిపిస్తుంది సోల్."

"నా కడుపులో పుండుకి కారణం నువ్వే, తెలుసా?"

"కిందటి సినిమా హీరోయిన్‌తో కూడా ఇదే అన్నావట. అసలు ఆ పుండు ఎవరిదో తేల్చుకోవయ్యా, మేమిద్దరం పంచుకోలేం."

"నవ్వు, నవ్వు. రేపు చర్చిలో కెప్టెన్ చెయ్యి పట్టుకున్నప్పుడు కూడా ఇలాగే నవ్వు, కెమెరా ముందు బాగుంటుంది."

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. ఓపల్ కళ్లు తెరిచింది. చర్చి సెట్టు సంగతి ఆమె పొద్దుటినించీ తలుచుకోకుండా దాటేస్తోంది. కోరాకి పెళ్లి చేసేస్తే జైలుకెళ్లింది దేనికి? అప్పుడే రెండు కాగితప్పూలు అంటించేస్తే జడ్జి కూడా చప్పట్లు కొట్టి ఇంటికి పంపేవాడు. ఆడది తన కాళ్ల మీద తను నడిచి వెళ్లడం ఒక్కసారి, ఒక్క తెర మీదన్నా, జనం చూడాలి. అందుకోసమే ఆమె ఇంత దూరం వచ్చింది, ఇంత బిగుతు గౌనులో ఇంతసేపు నిలబడింది.

"అతనొచ్చాడు," అంది బీట్రిస్.

ఎండలోంచి చీకట్లోకి వచ్చినవాళ్లు సాధారణంగా ఫ్లోరు మీద వైర్లు తన్నుకుని తూలతారు. ఈయన తూలలేదు. బూడిదరంగు కోటు, చేతిలో టోపీ, సన్నగా పొడుగ్గా ఉన్న మనిషి. ముప్పై దాటి కొన్నాళ్లయి ఉంటుంది. పేరు హార్లన్ వీక్స్ అని చెప్పి, నది వైపు ఒక్క క్షణం చూసి, పళ్లెం ఊపుతున్న మనిషికి తలూపి పలకరించాడు. మామూలుగా ఆ మనిషిని ఎవరూ పలకరించరు.

"మిస్ టియర్నీ, మీ స్క్రిప్టు రెండుసార్లు చదివాను."

"ఒకసారి ఉద్యోగం కోసం. రెండోసారి?"

"రెండూ ఉద్యోగం కోసమే. మొదటిసారి నవ్వొచ్చి పని సాగలేదు."

"ఎక్కడ నవ్వొచ్చింది?"

"అది మీకెలాగూ తెలుస్తుంది. నవ్వొచ్చిన చోటల్లా కొట్టేశాం."

సోల్ గబగబా నవ్వాడు, ఎవరూ తోడు రాకపోయేసరికి ఆపేశాడు. ఓపల్ వాలుబల్ల మీంచి కదల్లేదు. శత్రువుని ఊహించుకుంటే మొహం ఎర్రగా, మెడ లావుగా, చేతిలో బైబిలుతో ఊహించుకుంది. ఈయన మర్యాదగా ఉన్నాడు. మర్యాదస్తులతో పోట్లాట ఎప్పుడూ ఎక్కువ కష్టం.

"చివరి పేజీలో టం-టి-టం అని ఉంది," అన్నాడు వీక్స్.

"ఉంది."

"అందులో అభ్యంతరం ఏమీ లేదు. కానీ అసలు మాట అది కాదు కదా."

"కాదు."

"అసలు మాట వింటే గానీ నేను సంతకం పెట్టలేను. ఆ అమ్మాయి పశ్చాత్తాపపడి వెళుతోందా, పొగరుగా వెళుతోందా అన్నది ఆ ఒక్క మాటలో ఉంది. మా ఆఫీసుకి తేడా అంతా అక్కడే."

"రిహార్సల్లో చెప్పను, మిస్టర్ వీక్స్. ఇది మీ మీద పంతం కాదు. మీరు నవ్వుకున్నా నాకు ఫర్వాలేదు, కానీ చెప్పను."

"మూఢనమ్మకం సార్," అన్నాడు సోల్ చేతులు తిప్పుతూ. "ఈ స్టేజీ వాళ్లంతా ఇంతే. ఈల వేస్తే కొంప మునుగుతుందట. చదువుకున్న మీలాంటి వాళ్లకి చెప్పాలంటే నాకే సిగ్గుగా ఉంది."

వీక్స్ నవ్వలేదు. టోపీ అంచు వేళ్లతో నెమ్మదిగా తిప్పాడు. "మా అమ్మ డేరా నాటకాల్లో వేషాలు వేసేది. అయోవా, నెబ్రాస్కా అంతా తిరిగేవాళ్లం. ఒకసారి కొత్తగా చేరిన నటుడొకాయన రిహార్సల్లో నోరు జారి చివరి మాట అనేశాడు. ఆ పూట ఆట మొదలుకాకముందే గాలి లేచి డేరా ఎగిరిపోయింది. మొక్కజొన్న చేలో దొరికింది. ఆయన్ని ఆ ఊళ్లోనే వదిలేసి వెళ్లాం."

"నెబ్రాస్కాలో గాలి లేవాలంటే నాటకంలో చివరి మాట కావాలా సార్?" అన్నాడు సోల్.

"అక్కర్లేదు. అయినా ఆయన్ని వదిలేసే వెళ్లాం."

ఓపల్ మొదటిసారిగా ఆయన్ని సరిగ్గా చూసింది. చెంపల మీద వెన్నెల పడి మనిషి నీళ్లలో ఉన్నట్టున్నాడు. ఈ ఊళ్లో ఎంతోమందితో పోట్లాడింది, ఒక్కడు కూడా ఆమె భాష మాట్లాడేవాడు తగల్లేదు. తగిలినవాడు కత్తెర పట్టుకుని వచ్చాడు. ఆమెకి నవ్వొచ్చింది, కొంచెం దిగులూ వేసింది.

"అయితే నన్ను చెప్పమని అడగరన్నమాట," అంది.

"అడగలేను. వినకుండా సంతకమూ పెట్టలేను."

సోల్ తల పట్టుకుని తాళ్ల చుట్ట మీద కూలబడ్డాడు. "బాగుంది. ఒక పిచ్చికి మందు తెప్పిస్తే ఇంకో పిచ్చి వచ్చి పక్కన కూర్చుంది."

బయట లంచ్ గంట మోగింది. పక్క ఫ్లోర్లలోంచి జనం కబుర్లాడుకుంటూ ఎండలోకి రావడం వినిపించింది. ఓపల్ తల ఆ చప్పుడు వైపు తిరిగింది. పెదవి చివర మెల్లగా పైకి లేచింది. ఆ పెదవి అలా లేచిందంటే ఎవరికో పని పడబోతోందని బీట్రిస్‌కి తెలుసు, లేచి నిలబడింది.

"రిహార్సల్లో కదా చెప్పకూడనిది," అంది ఓపల్. "జనం ముందు చెప్పచ్చు. మా కంపెనీకి సంబంధం లేని జనం, ఎదురుగా, చీకట్లో కూర్చుని ఉంటే అది రిహార్సల్ కాదు, ఆట. అవునా, మిస్టర్ వీక్స్?"

వీక్స్ కాసేపు ఆలోచించాడు. ఆయన ఆలోచించిన తీరు చూస్తే ఇదేదో చట్టం పుస్తకంలో సంగతి అనిపిస్తుంది. "ఆటే," అన్నాడు.

"బీట్రిస్, వెళ్లి ఎవరు దొరికితే వాళ్లని పిలుచుకురా. సోల్, కెమెరా సిద్ధం చెయ్యమను. పలికేది ఒక్కసారే, అది ఫిల్ము మీదే పలుకుతాను."

అలా వచ్చారు జనం. ముందు సన్యాసినులు, ఏదో అనాథల కథలో వేషాలు. వాళ్ల వెనక డాళ్లు చంకలో పెట్టుకున్న రోమన్ సైనికులు. ఇద్దరు కౌబాయిలు, దుమ్ములో పడీ పడీ అలిసిపోయినవాళ్లు. చర్చి సెట్టులోంచి రేపటి పెళ్లికి కొలతలిస్తున్న తోడిపెళ్లికూతుళ్లు. చేతుల్లో కాగితం సంచులు. పెట్టెల మీద, దుంగల మీద, నేల మీద సర్దుకుని కూర్చున్నారు. చీకట్లో ఊరగాయ దోసకాయల వాసన, వలిచిన నారింజ వాసన. నిచ్చెన ఆనించుకుని రోమన్ ఒకడు సన్యాసిని దగ్గర సాండ్‌విచ్చి సగం అడిగి పుచ్చుకున్నాడు. మధ్యలో బూడిదరంగు కోటుతో, టోపీ నెత్తిన పెట్టుకుని వీక్స్ కూర్చున్నాడు.

"టోపీ తియ్యి నాయనా, కనబడ్డం లేదు," అంది వెనకనించి పెద్ద సన్యాసిని. ఆయన తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

బీట్రిస్ వాలుబల్ల మీంచి అక్కని నిలబెట్టింది. తలుపు పైన ఎర్రలైటు వెలిగింది. కెమెరా తిరిగింది.

ఓపల్ డెక్కు అంచుకి నడిచింది. ఎదురుగా చీకటి, ఆ చీకట్లో ఊపిరి పీల్చే జనం. ఎన్నాళ్లయింది ఇలా. సినిమా కెమెరాకి ఊపిరుండదు, దాని ముందు ఎంత బాగా చేసినా గోడకి చెప్పుకున్నట్టే ఉంటుంది. ఇప్పుడు మాత్రం చీకట్లోంచి ఏదో వెచ్చగా వచ్చి ఒంటిని తాకింది. చంద్రుడు చితికి కలుసుకున్నాడు. ఈసారి పడవ నిజంగానే కదిలింది. దుంగలూ మేకులూ ఎక్కడో వెనక రేవులో ఉండిపోయాయి. నది రెండు గట్ల మధ్యనించి, బ్రుక్లిన్ పక్కనించి, న్యూయార్కు పోలీసుల పక్కనించి, ఇన్నేళ్ల ఊళ్లన్నిటి పక్కనించి ఆమెని మెత్తగా మోసుకుపోతోంది. కెప్టెన్ వేషం వేసిన క్లైడ్ ఆర్మిట్ దగ్గరికొచ్చి నిలబడ్డాడు. అందగాడు, అంతకు మించి ఏమీ కాదు. అయినా ఇప్పుడు అతను కూడా నిజం కెప్టెన్ లాగే ఉన్నాడు.

"నువ్వు దిగిపోతే ఈ పడవ ఎక్కడికి పోవాలి కోరా?" అన్నాడు.

ఇక ఆ మాట. ఓపల్ పెదవులు తెరిచింది.

టం-టి-టం.

నోటిదాకా వచ్చింది అదే. కాదు, అది కాదు, దాని వెనకుంది అసలుది. దాన్ని పక్కకి తోసి చూసింది. వెనక ఇంకో టం-టి-టం ఉంది. దాని వెనక ఇంకోటి. మాట నడక ఉంది, ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు తగ్గాలో అన్నీ ఉన్నాయి. మాటే లేదు. పలకకుండా, రాయకుండా, మనసులో కూడా పెదవి తగలనివ్వకుండా ఎనిమిదేళ్లు కాపాడుకుంది. ఎక్కడ చెప్పాల్సొచ్చినా టం-టి-టం అంటూ వచ్చింది. ఆ టం-టి-టమే కూర్చుని కూర్చుని మాటని తినేసింది.

అంత భయం ఆమెకి జైల్లో కూడా వెయ్యలేదు. ఎదురుగా కెప్టెన్ కళ్లు జవాబు కోసం చూస్తున్నాయి. చీకట్లో నమలడం ఆగిపోయింది.

ఓపల్ నోరు మూసుకుంది. ఏం చెయ్యాలో తోచక చెయ్యి చాపింది. ఆ చెయ్యి కెప్టెన్ కోటు మీద పెట్టుకోని గుండీ దగ్గర ఆగింది. ఆ గుండీ పెట్టింది. నెమ్మదిగా, ఇంట్లో మనిషికి పెట్టినట్టు పెట్టి, ఛాతీ మీద ఒకసారి తట్టింది. తర్వాత వెనక్కి తిరిగి, చెక్క మెట్ల మీంచి రేవులోకి దిగి, తల తిప్పకుండా నడిచి, వెలుగు అయిపోయిన చోట చీకట్లో కలిసిపోయింది.

కట్ అనడం డైరెక్టరు మరిచిపోయాడు. ఫిల్ము అయిపోయి కెమెరాయే ఆగింది. అప్పుడు ఆ నిశ్శబ్దంలో ముక్కు చీదుకుంటూ పెద్ద సన్యాసిని అన్న మాట వినిపించింది.

"పో తల్లీ. వెనక్కి చూడకు."

రోమన్ సైనికులు డాళ్లు బాదారు. కౌబాయిలు ఈలలు వేశారు. ఫ్లోరు మీద ఈల వేస్తే ఎవరూ ఏమీ అనకపోవడం అదే మొదలు. తోడిపెళ్లికూతుళ్లు ఒకళ్లనొకళ్లు పట్టుకుని ఏడుస్తున్నారు. సోల్ లేచి, కూర్చుని, మళ్లీ లేచి, చివరికి వీక్స్ వైపు చూశాడు. ఆయన ఒళ్లో టోపీ మీద కాగితం పెట్టుకుని కలం పట్టుకుని ఉన్నాడు.

"ఏమంటారు సార్?" అన్నాడు సోల్.

"మాట విని కొట్టేద్దామని వచ్చాను," అన్నాడు వీక్స్. "ఇందులో కొట్టెయ్యడానికి నాకేమీ దొరకలేదు." సంతకం పెట్టాడు.

సోల్ ఆయన్ని కావలించుకున్నాడు. ఆ కావలింతలోనే పక్క ఫ్లోరు వాళ్లకి కేక వేశాడు, చర్చి పీకెయ్యమని.

డ్రెస్సింగ్ రూములో బీట్రిస్ కుట్లు విప్పుతూ ఆపకుండా మాట్లాడింది. "ఎంత గుండెలు తీసినదానివే అక్కా. మాటే లేకుండా. నాతో కూడా అనలేదు. వాళ్ల కత్తెర వాళ్ల చేతుల్లోనే ఉండిపోయింది. అసలీ ఆలోచన ఎప్పుడొచ్చింది నీకు?"

"అప్పుడే," అంది ఓపల్.

అది అబద్ధం కాదు. అందుకే ఇంకా బాధగా ఉంది. కాఫీ కావాలని బీట్రిస్‌ని పంపేసి, వదులైన గౌను గుండెలకి అదుముకుని పొద్దుటినించీ ఇదే మొదటిసారిగా కుర్చీలో కూర్చుంది. గెలిచింది. కోరా నడిచి వెళ్లిపోయింది, లోకమంతా చూస్తుంది. మరి ఈ ఏడుపు ఎందుకు వస్తోంది? కళ్లు మూసుకుని మళ్లీ మొదటినించీ వచ్చింది. కెప్టెన్ అడిగాడు. ఆమె నోరు తెరిచింది. టం-టి-టం. ఓపల్ అంటే అందం అనుకుంటారు అందరూ. అద్దంలో మొహం ఎప్పుడో ఒకప్పుడు పోతుందని ఆమెకి ముందే తెలుసు, దానికి ఏడవదు. మాట పోతుందని అనుకోలేదు. ఇవాళ ఇది పోయింది, రేపు ఏది పోతుందో.

తలుపు మీద వేళ్లతో కొట్టిన చప్పుడు. వీక్స్ గుమ్మంలో నిలబడ్డాడు, టోపీ చేతిలోనే ఉంది.

"వెళ్లొస్తానని చెబుదామని," అన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "మీరు మరిచిపోయారు కదూ?"

ఓపల్ ఏ పురుషుడి ముందూ నీళ్లు నమలని మనిషి. ఇప్పుడు నమిలింది. "ఎవరన్నారు?"

"ఎవరూ అనలేదు. అంతమందిలో ఎవరికీ తెలియలేదు. ఆ క్షణంలో మీ చూపు వెతుకుతోంది. మాట ఉండి చెప్పనివాళ్ల చూపు అలా ఉండదు. నాకు తెలిసిందంటే... ఆ మాట ఏమిటో నాకు తెలుసు కాబట్టి."

"తెలియడానికి వీల్లేదు. ప్రాణమున్న ఎవరికీ నేను చెప్పలేదు."

"చెప్పారు. న్యూయార్కులో మీ నాటకానికి తెర తాడు పట్టుకున్నది నేనే, మిస్ టియర్నీ. ఆ మాట మీద తెర పడాలి. లాగేవాడికి మాట తెలియకపోతే ఎలా పడుతుంది? చివరి అంకానికి ముందు మీరు పక్కకొచ్చి నా చెవిలో చెప్పారు. చీకటి. నా మొహం చూళ్లేదు, తాడు గట్టిగా ఉందో లేదో మాత్రం లాగి చూశారు. తర్వాత పోలీసులొచ్చారు. తాడు లాగేవాణ్ణి వాళ్లు పట్టించుకోరు. నేను ఇంటికెళ్లిపోయి, చట్టం చదువుకుని, ఇదిగో, ఇలా అయ్యాను."

జనపనార తాడు వాసన ఒక్కసారిగా ఆమె ముక్కుకి తగిలింది. చీకట్లో ఎవరిదో చెవి. అవును, చల్లగా ఉంది ఆ చెవి. తన పెదవులు కదలడం కూడా గుర్తొచ్చింది. చప్పుడు మాత్రం రాలేదు.

"ఇప్పటికీ గుర్తుందా మీకు?"

"అక్షరం పొల్లుపోకుండా."

"చెప్పండి."

వీక్స్ కదల్లేదు. "చెబితే మీరు ఊరుకోగలరా? ఆ మాట మీకు దొరికితే, రేపు పొద్దున ఆ సీను మళ్లీ తియ్యకుండా ఉండగలరా? నా సంతకం ఇవాళ చూసిన సీనుకే. ఆ మాట అందులోకి వస్తే నేను కొట్టెయ్యాలి. అది ఎలాంటి మాటో మీకు గుర్తులేదు, నాకు గుర్తుంది. కొట్టెయ్యకుండా ఉండలేను. అప్పుడు మళ్లీ చర్చి కడతారు."

తన సంగతి ఓపల్‌కి తెలుసు. పుట్టి బుద్ధెరిగాక మంచి మాట ఒకటి చేతికి దొరికి, దాన్ని ఎవరికీ వినిపించకుండా ఉంచుకోవడం ఆమె వల్ల కాలేదు. ఎనిమిదేళ్లు ఉంచుకున్న ఒక్క మాటా ఇలా అయింది. తెలుసుకుంటే కోరాని తన నోటితో తనే పెళ్లిపీటల మీద కూర్చోబెడుతుంది. తెలుసుకోకపోతే ఆ మాట ఈ బూడిదరంగు కోటు మనిషితోనే పోతుంది, ఆమె బతికినన్నాళ్లూ టం-టి-టం అంటూ దాన్ని వెతుక్కుంటుంది. పక్క ఫ్లోరులో చర్చి గోడ ఒకటి పెద్ద చప్పుడుతో కూలింది. ఎవరో నవ్వారు. వరండాలో బీట్రిస్ కాఫీ కప్పుల గలగల దగ్గరవుతోంది.

ఓపల్ జారుతున్న గౌనుని రెండు చేతులతో పట్టుకుని కుర్చీలోంచి లేచింది.

"లోపలికొచ్చి తలుపు గడియ పెట్టండి, మిస్టర్ వీక్స్," అంది. "ఈసారి చెవి నాది."